తల లేని గిటారుతో గువాహటి నుంచి సోహ్రా దాకా

ప్రయాణంలో ఎలక్ట్రిక్ గిటారు ఎంతవరకు సాగుతుందో తెలుసుకోవాలంటే మేఘాలయకు మించిన దారి లేదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. హైదరాబాదు నుంచి గువాహటికి విమానం, అక్కడి నుంచి షిల్లాంగ్ వరకు సుమారు వంద కిలోమీటర్ల కొండదారిలో షేర్ సుమో, షిల్లాంగ్‌లోనూ సోహ్రాలోనూ హోమ్‌స్టేలు, తిరుగుదారిలో సికింద్రాబాదు వరకు రైలు. అక్టోబరులో చేసిన ఈ యాత్రలో గిటారు ఎక్కడ ఇమిడింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది, ఏ బసలో దానిని నిశ్చింతగా వాయించుకోగలిగాను అన్న సంగతులను, ఇలాంటి ప్రయాణం తలపెట్టినవారికి పనికివస్తాయన్న నమ్మకంతో రాస్తున్నాను.

ముందుగా గిటారు ఎంపిక గురించి చెప్పాలి. ట్రావెల్ గిటారు పేరుతో దొరికే ఎలక్ట్రిక్ గిటార్లు ప్రధానంగా రెండు రకాలు. స్క్వయర్ మినీ స్ట్రాట్ వంటివి అన్ని కొలతలనూ కుదించి చేసినవి. రెండో రకం గిటార్లలో తీగ పొడవును తగ్గించకుండా చుట్టూ ఉన్న చెక్కను మాత్రమే తీసివేస్తారు. నెక్ చివర తీగలు ఆనే నట్ నుంచి బాడీ మీద అవి ఆనే బ్రిడ్జి వరకు తీగ మోగే పొడవును స్కేల్ అంటారు. మామూలు సైజు స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటారు స్కేల్ 25.5 అంగుళాలు కాగా, మినీ స్ట్రాట్‌ది 22.75 అంగుళాలు. వినడానికి ఇది చిన్న తేడాయే. కానీ దీనివల్ల నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల (ఫ్రెట్ల) మధ్య మొదటి గడి 36 మిల్లీమీటర్ల పైచిలుకు నుంచి 32 మిల్లీమీటర్ల పైచిలుకుకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఒక కొలతకు అలవాటు పడిన వేళ్లు ఆ నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే తడబడతాయి. పైగా తీగ బిగువు పొడవు వర్గాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, అదే తీగను అదే శ్రుతికి పెడితే బిగువు దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. తీగ వదులుగా ఉన్నప్పుడు వేలితో కాస్త గట్టిగా నొక్కినా స్వరం పైకి జారుతుంది. ఒక సైజు లావు తీగలు వేస్తే బిగువు చాలావరకు తిరిగి వస్తుంది గాని, గడుల ఇరుకు మాత్రం తీరదు.

చిన్న స్కేలు మీద గొప్ప సంగీతం రాదని నా ఉద్దేశం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అరచేతిలో ఇమిడే నెక్ ఉన్న అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ఏ స్థాయికి తీసుకువెళ్లారో మనందరికీ తెలుసు. అయితే ఆయన సాధన అంతా ఆ వాద్యం మీదనే సాగింది. ఇంట్లో పెద్ద గిటారు వాయిస్తూ ప్రయాణంలో మాత్రం చిన్నది పట్టుకునేవారి పరిస్థితి వేరు. వారికి పూర్తి స్కేలే మేలని నేను గట్టిగా చెబుతాను.

పూర్తి స్కేలు ఉంచి పొడవు తగ్గించాలంటే ట్యూనింగ్ కీలను తల మీద నుంచి తీసి మరోచోట పెట్టాలి. నెడ్ స్టైన్‌బర్గర్ రూపొందించిన తల లేని వాద్యాల్లో అవి బ్రిడ్జి చివర ఉంటాయి. అమెరికాకు చెందిన ట్రావెలర్ గిటార్ సంస్థ వాటిని బాడీ మధ్యలోకి తెచ్చింది. ఆ సంస్థ అల్ట్రా-లైట్ నమూనా పొడవు సుమారు 71 సెంటీమీటర్లే కాగా, మామూలు ఎలక్ట్రిక్ గిటారు దాదాపు మీటరు ఉంటుంది. నేను తల లేని పద్ధతినే ఎంచుకున్నాను. కొనేటప్పుడు తీగల విషయం తప్పక అడగాలి. స్టైన్‌బర్గర్ తరహా గిటార్లు చాలావాటికి రెండు చివర్లా గుండు ఉన్న ప్రత్యేకమైన తీగలు కావాలి, అవి ప్రతి ఊళ్లోనూ దొరికేవి కావు. నట్ దగ్గర స్క్రూతో బిగించే ఏర్పాటు ఉంటే మామూలు తీగలే సరిపోతాయి. అలాగే స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో బ్రిడ్జి కంటే కదలని బ్రిడ్జి ప్రయాణానికి మంచిది. తేలే బ్రిడ్జి ఉన్నప్పుడు ఒక్క తీగ తెగితే మిగిలిన అయిదింటి శ్రుతీ చెడిపోతుంది. ఇక బాడీ మరీ చిన్నదైతే కూర్చుని వాయించేటప్పుడు తొడ మీద నిలవదు. అందుకని మడత కాలు లేదా ఊడదీసే ఆసరా ఉన్నదే చూసుకోవాలి, లేదంటే కూర్చున్నప్పుడు కూడా స్ట్రాప్ వేసుకోవాలి.

ఆంప్లిఫయరు మోయవలసిన అవసరం ఈ రోజుల్లో లేదు. వాక్స్ ఆంప్లగ్, ఫెండర్ మస్టాంగ్ మైక్రో వంటి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవైన పరికరాలను నేరుగా గిటారు సాకెట్‌లో గుచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు. హెడ్‌ఫోన్లకు వైరు మాత్రం ఉండి తీరాలి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ధ్వని సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఆలస్యంగా వినిపిస్తుంది. తీగ మీటిన క్షణానికీ వినిపించిన క్షణానికీ అంత ఎడం ఉంటే లయ నిలబడదు.

విమాన ప్రయాణం గురించి ముందే తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల చేతి సంచికి సాధారణంగా 7 కిలోల పరిమితి ఉంటుంది, పొడవు 55 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. తల లేని గిటారు సంచితో కలిపి 80 సెంటీమీటర్ల దాకా వస్తుంది. బరువులో సులువుగా నెగ్గినా పొడవులో నిబంధన దాటుతుంది కాబట్టి, లోపలికి అనుమతించడం సిబ్బంది నిర్ణయమే. కౌంటరు దగ్గరే సంచి చూపించి, ఇది పైఅరలో పడుతుందని మర్యాదగా చెప్పి ట్యాగు వేయించుకున్నాను, గేటు దగ్గర మళ్లీ ఎవరూ అడగలేదు. మెత్తటి సంచి అయినా సరే, బ్రిడ్జి దగ్గర కీల భాగానికి ఒక మందపాటి తువ్వాలు చుట్టడం అవసరం, ఎందుకంటే పైఅరలో చక్రాల సూట్‌కేసులను నెట్టేవారు ముందుగా తోసేది దానినే. వైరు కటరును చెక్ఇన్ సామానులో పెట్టాలి. లిథియం బ్యాటరీ ఉన్న పవర్ బ్యాంకును అందులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకువెళ్లాలి. అమెరికాలో ఉన్న మనవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. 2012 నాటి చట్టాన్ని అనుసరించి 2015లో అమలులోకి వచ్చిన నియమం ప్రకారం, ఎక్కే సమయానికి పైఅరలో చోటు ఉంటే చిన్న వాద్యాలను అక్కడి విమాన సంస్థలు చేతి సామానుగా అనుమతించాలి.

గువాహటిలో రైల్వే స్టేషను పక్కనున్న పల్టన్ బజారులో బస చేశాను. సుమోలు ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి కాబట్టి ఒక రాత్రికి అది అనుకూలమే గాని, గిటారు వాయించుకునేవారికి నేను సిఫారసు చేయలేను. హారన్ల మోత అర్ధరాత్రి దాటినా తగ్గలేదు. దానికన్నా ముఖ్యమైనది, గదిలోని ప్లగ్గుకు ఎర్తింగు సరిగా లేదు. ఆంప్ చార్జరు గోడకు తగిలించి ఉండగా తీగలను ముట్టుకుంటే వేళ్ల చివర సన్నని జిల తెలిసింది, హెడ్‌ఫోన్లలో గుయ్‌మనే హమ్ వచ్చింది. చార్జరు తీసేసి బ్యాటరీ మీద వాయిస్తే రెండూ పోయాయి. ఏ బసలోనైనా చార్జింగు ఒక సమయం, వాయించడం మరో సమయం అని పెట్టుకోవడమే క్షేమం. ఇక తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లలో, ప్రయాణానికి సింగిల్ కాయిల్ రకం కంటే పరిసరాల నుంచి వచ్చే కరెంటు హమ్‌ను తగ్గించే హంబకర్లు మేలు.

షేర్ సుమోలో సామానంతా పైకప్పు మీద క్యారియరుకు కట్టి, పైన టార్పాలిన్ కప్పుతారు. మామూలు గిటారైతే అక్కడికే వెళ్లేది. మా బండి నోంగ్పో దాటాక కురిసిన వానకు టార్పాలిన్ అంచున ఉన్న సంచులన్నీ తడిశాయి. నా గిటారు మాత్రం మోకాళ్ల మధ్య నిలబడి పొడిగానే షిల్లాంగ్ చేరింది. మధ్య వరుసలో కిటికీ పక్క సీటు అడిగి తీసుకుంటే నెక్ తలుపు వైపు ఆనుతుంది, పక్కవారికి తగలదు. వెనుక వరుసలో మాత్రం మనిషికే చోటు చాలదు.

షిల్లాంగ్ గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో గిటారు సంచి భుజాన వేసుకున్న మనిషిని ఎవరూ వింతగా చూడరు. లూ మజావ్ అనే ఇక్కడి గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజును పాటలతో జరుపుతున్నారు. బ్లూస్ వాయించే సోల్‌మేట్ బృందానిదీ ఈ ఊరే. నేను లైతుంఖ్రా ప్రాంతంలో ఒక హోమ్‌స్టేలో దిగాను. కాలేజీలు, కాఫీ దుకాణాలు, సాయంత్రం పూట పాటలు వినిపించే చిన్న చోట్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం ఆ ప్రాంతానికి ఉన్న పెద్ద అనుకూలత. పోలీస్ బజారులో హోటళ్లు ఎక్కువే గాని, అక్కడి రద్దీ సాధనకు పనికిరాదు. మా బస పాతకాలపు అస్సాం తరహా ఇల్లు: చెక్క చట్రం, పలుచని గోడలు, పైన రేకు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా ఎలక్ట్రిక్ గిటారు తీగల సన్నని చప్పుడు అలాంటి గోడల గుండా పక్క గదికి వినిపిస్తుందని గుర్తుంచుకోవాలి. ఇంటి యజమానురాలిని అందరూ కాంగ్ (ఖాసీ భాషలో అక్క) అని పిలిచేవారు. ఆమెను ముందే అడిగితే, రాత్రి తొమ్మిది దాటాక కూడా వంటింటి పక్కనున్న వరండాలో వాయించుకోమని కుర్చీ వేయించారు. పొద్దున టీ, రొట్టెలతో పాటు ఒకరోజు మాంసంతో వండే ఖాసీల అన్నం జాదో కూడా పెట్టారు. శుభ్రత, ఆదరణ, గదిలో పనిచేసే మూడు పిన్నుల ప్లగ్గు, ఈ మూడింటిలోనూ యాత్ర మొత్తంలో ఇదే ఉత్తమమైన బస.

ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. షిల్లాంగ్‌లో ఆదివారం చర్చిల రోజు, దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. తీగలు, పిక్కులు కావలసినవారు శనివారమే కొనుక్కోవాలి. నేను వెళ్లిన సంగీత వాద్యాల దుకాణంలో మామూలు తీగలు రెండు మూడు రకాలు ఉన్నాయి, రెండు గుండ్ల తీగలు లేవు. దుకాణదారు నా గిటారును చేతిలోకి తీసుకుని, స్వరస్థానాలు సరిచూసి, బ్రిడ్జి దగ్గర ఒక స్క్రూను అరచుట్టు తిప్పి ఇచ్చారు. ఎంత ఇవ్వాలని అడిగితే తీగల డబ్బులు చాలన్నారు.

సోహ్రాకు సుమోలు బడా బజారు దగ్గర నుంచి బయలుదేరతాయి. చిరపుంజి పేరుతో మనం బడిలో చదువుకున్న ఊరు ఇదే. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు పన్నెండు నెలల్లో ఇక్కడ 26,471 మిల్లీమీటర్ల వాన కురిసింది. అక్టోబరుకు వానలు తగ్గుతాయని అంటారు గాని, నేను ఉన్నప్పుడు రాత్రిపూట రేకు మీద కురిసిన వాన చప్పుడుకు ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడలేదు. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు లేకపోతే అక్కడ ఏదీ వాయించలేము. కరెంటు తరచు పోయింది, చార్జింగు చేసుకున్న ఆంప్ ఉండటంవల్ల సాధనకు లోటు రాలేదు. అసలు శత్రువు తేమ. రెండో రోజుకే పైతీగ మీద, బ్రిడ్జి దగ్గర, గోధుమరంగు చుక్కలు కనిపించాయి. వాయించిన ప్రతిసారీ తీగల పైనా కిందా పొడిగుడ్డతో తుడిచి, సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి జిప్పు మూసి ఉంచితే ఆ చుక్కలు పెరగలేదు. పైపూత ఉన్న తీగలైతే ఖరీదు ఎక్కువే అయినా ఇలాంటి చోట నిలుస్తాయి. గదిలో బొగ్గుల కుంపటి పెడతామని ఇంటివారు ఆప్యాయంగా అన్నప్పుడు గిటారును దానికి దూరంగా, లోపలి గోడ పక్కకు జరిపాను. అకస్మాత్తుగా తగిలే వేడి నెక్‌కు తేమకంటే ఎక్కువ హాని చేస్తుంది. ఇక్కడి బసకు సేవలో లోటు లేదు గాని, పరుపులు చెమ్మగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్టు లెక్కన వస్తాయి. నోహ్‌కాలికాయ్ జలపాతం చూడటానికి వచ్చినవారికి ఇది చాలు. వాద్యంతో వచ్చేవారు నవంబరు తరువాత రావడం మంచిది.

అయినా ఆ ఇంట్లో గడిపిన ఒక సాయంత్రం వల్ల సోహ్రాను ఈ యాత్ర నుంచి తీసివేయమని చెప్పలేను. ఇంటి పెద్దాయన నా గిటారుకు తల ఎందుకు లేదని అడిగి, లోపలి నుంచి తన దుయితారా తెచ్చారు. ఒకే చెక్కను తొలిచి, ముఖానికి తోలు మూసిన ఖాసీల వాద్యం అది. దానికి ఉన్న నాలుగు తీగలూ ముగా పట్టు దారాలు. వేలితో తాకితే ఉక్కు తీగలా కోసుకోదు, కాస్త గరుకుగా, వెచ్చగా తగులుతుంది. ధ్వని గట్టిగా మోగి త్వరగా ఆగిపోతుంది. పొడవులో దానికీ నా గిటారుకూ పెద్ద తేడా లేదు. ఆయన వాయించిన వరసను నేను ఆంప్ లేకుండానే వెతుక్కుంటూ పోయాను. బోలు బాడీ లేని గిటారు శబ్దం ఆ గదిలో ఆయన వాద్యం ముందు పూర్తిగా మరుగునపడింది. నలుగురితో కలిసి వాయించాలనుకునేవారు ఈ పరిమితిని ముందే గ్రహించి, చిన్న బ్యాటరీ స్పీకరు ఒకటి వెంట ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో రైలు నాకు విమానం కంటే నచ్చింది. 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం వరకు ఉన్న పెట్టెను వెంట తీసుకువెళ్లడానికి రైల్వే నిబంధన అనుమతిస్తుంది కాబట్టి ఎవరినీ బతిమాలుకోవలసిన పని లేదు. సెకండ్ ఏసీలో పక్క కింది బెర్తు దొరికితే వదులుకోకూడదు. పగలు కిటికీకి వీపు ఆనించి కాళ్లు చాపుకుంటే తల లేని గిటారు ఆ వెడల్పులో సరిగ్గా పడుతుంది, నడవాలో వెళ్లేవారికి అడ్డు రాదు. రాత్రి పది దాటాక హెడ్‌ఫోన్లతో వాయించినా పక్కవారికి తీగల చప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఆపేశాను. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు చార్జింగు ప్లగ్గులకు కరెంటు ఆపే పద్ధతి ఉన్నందున ఆంప్‌ను సాయంత్రమే చార్జింగుకు పెట్టుకోవాలి.

హైదరాబాదు చేరాక గిటారును వెంటనే సవరించకుండా వారం పాటు గదిలో అలాగే ఉంచాను. సోహ్రా తేమ నుంచి ఇక్కడి పొడి గాలికి చెక్క అలవాటు పడిన తరువాత చూస్తే, తీగల ఎత్తు కొద్దిగా మారింది, ఫ్రెట్ల చివరలు నెక్ అంచున చేతికి సన్నగా తగులుతున్నాయి. నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీని (ట్రస్ రాడ్‌ను) పావు చుట్టు తిప్పితే ఎత్తు సర్దుకుంది. ఫ్రెట్ల చివరలను అరగదీయడం మాత్రం తెలిసినవారి చేతనే చేయించాను, తుప్పు చుక్కలు పడిన పాత తీగలను ఆ పూటే మార్పించాను.