దివాన్‌కి పుచ్చు పురుగు: వైజాగ్‌లో చేయించిన ట్రీట్‌మెంట్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, పని బాగుంది, ఫినిషింగే నాకు నచ్చలేదు. అయినా మళ్లీ అవసరమైతే వీళ్లనే పిలుస్తాను, ఎందుకంటే మందు తీయకముందు అసలు పురుగేదో చూసింది వీళ్లొక్కరే.

ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్. హాల్లో టేకు దివాన్ కాళ్ల దగ్గర తెల్లటి పొడి రాలుతోంది, ఊడ్చిన మర్నాటికి మళ్లీ అంతే. మొదట పిలిచిన సర్వీసతను గుమ్మంలోంచే "చెదలండీ" అనేసి, గోడ వారగా నేలంతా కన్నాలు పెట్టి మందు పోయాలని ఫ్లాట్ మొత్తానికి రేటు చెప్పి, అప్పటికి దివాన్ పాలిష్ మీద ఏదో స్ప్రే కొట్టి పోయాడు. పొడి ఆగలేదు సరికదా, ఇల్లంతా కంపు.

తర్వాత గోపాలపట్నం నుంచి వచ్చిన పెద్దాయన, ఒకప్పుడు వడ్రంగి పని చేసేవారట, ముందు ఆ పొడిని వేళ్ల మధ్య రుద్ది చూశారు. "చెదైతే మట్టి గీతలుండాలి కదేటమ్మా, ఏవీ?" అంటూ దివాన్ వెనక, గుమ్మం చుట్టూ టార్చి వేసి చూపించారు. మట్టితో పని లేకుండా ఎండు చెక్కలోనే కాపురముండే చెద ఇంకో రకం ఉంది, కానీ అది వదిలేది బొంబాయి రవ్వలా గింజలు గింజలుగా, చేతికి గరుకుగా తగులుతుంది. మాది మెత్తటి పొడి, పైగా చెక్కకి 1-2 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నాలు. అంటే పుచ్చు పురుగు, పెస్ట్ కంట్రోల్ వాళ్ల భాషలో బోరర్. పూర్తి పేరు పౌడర్ పోస్ట్ బీటిల్.

దివాన్ తిరగేయించాక అసలు సంగతి బయటపడింది. కన్నాలన్నీ లేత రంగు చెక్క మీదే ఉన్నాయి, పక్కనే ఉన్న ముదురు చేవ మీద ఒక్కటీ లేదు! టేకుకి పురుగు పట్టదన్న మాట చేవ వరకే నిజం. చుట్టూ ఉండే తెల్ల చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, ఈ పురుగుకి కావాల్సింది అదే. (ఆ తెల్ల చెక్కకి పాలిష్ కొట్టి టేకు రేటుకే అమ్మిన షాపు సంగతి వేరే రాయాలి.) పాలిష్ ఉన్నచోట ఇది గుడ్లు పెట్టలేదు, పాలిష్ లేని చెక్క సందుల్లో పెడుతుంది, మనవాళ్లేమో అడుగున, వెనక పాలిష్ వేయరు. ఇంకోటి, కన్నం కనబడిందంటే ఆ పురుగు రెక్కలొచ్చి వెళ్లిపోయినట్టే, తినేవి ఇంకా లోపలే ఉంటాయి. కాబట్టి పాలిష్ మీద స్ప్రే కొట్టి ఏం లాభం?

వీళ్లు అడుగు భాగమంతా సాండ్‌పేపర్ పట్టి, ఆయిల్ బేస్ మందు బ్రష్‌తో పూసి, కన్నాల్లోకి సిరంజితో ఎక్కించారు. డబ్బా సీలు మా ముందే తీశారు, గ్లవ్స్, మాస్కులు వాళ్లవే. మా పక్కింటి పిన్నిగారు గోడౌన్లలో ధాన్యానికి పెట్టే గ్యాస్ బిళ్లలు కట్టి పడేస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు. ఆ మాట వినగానే ఆయన చేతిలో పని ఆపేశారు. ఆ బిళ్లల్లోంచి వచ్చేది ఫాస్ఫీన్, మనుషులుండే ఇంట్లో అది పెడితే ప్రాణాలే పోతాయి.

నచ్చనివి చెప్తా. పొద్దున్న వస్తామని సాయంత్రం వచ్చారు, అడిగితే ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ అన్నారు. కన్నాలు పూడ్చిన మైనం రంగు అస్సలు కలవలేదు, చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. కిరోసిన్ లాంటి వాసన పోయేదాకా కిటికీలు తీసే ఉంచాం, దివాన్ మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. 2,500 తీసుకున్నారు, ఒక్క దివాన్‌కి కాస్త ఎక్కువే.

గ్యారంటీ కార్డులాంటిది ఇవ్వలేదు గానీ, నాకు అదే నిజాయితీ అనిపించింది. లోతున ఉన్న పిల్ల పురుగుకి మందు అందకపోవచ్చు, అది బయటికి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే. అందుకని పాత కన్నాల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పొడిని చూసి టెన్షన్ పడొద్దు, దివాన్ కదిపితే పాత పొడి కూడా రాలుతుంది, సున్నా లేని కన్నం కనబడితేనే ఫోన్ చేయమన్నారు. ఇప్పటిదాకా కొత్తది రాలేదు. రెండోసారి వస్తే మందు ఖర్చొక్కటే అన్నారు, ఆ మాట బిల్లు మీద రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. వాట్సాప్‌లో ఫొటో పెడితే రేటు చెప్పరు, వచ్చి చూశాకే చెప్తారు.