ఖాళీ సర్వరును సైన్సుకు ఇవ్వాలంటే: బోయింక్ మేలా, ఫోల్డింగ్ ఎట్ హోమ్ మేలా?

మా ఇంట్లో మానిటర్ లేని లినక్స్ సర్వరు ఒకటి నడుస్తోందని తెలిసిన మిత్రులు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఖాళీగా ఉన్న ప్రాసెసరును పరిశోధనకు ఇవ్వాలంటే బోయింక్ పెట్టుకోవాలా, ఫోల్డింగ్ ఎట్ హోమ్ పెట్టుకోవాలా? పరిశోధకుల పెద్ద లెక్కలను టాస్కులనే చిన్న ముక్కలుగా ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకుని, మన కంప్యూటరు మీద చేసి, ఫలితం తిరిగి పంపే ప్రోగ్రాములు ఇవి. రెండూ నా దగ్గర నడిచాయి. మల్కాజ్‌గిరిలో మాది పై అంతస్తు. సర్వరు అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ఆఫీసు కంప్యూటరే. నాలుగు కోర్లు (ప్రాసెసరులో లెక్కలు చేసే భాగాలు), 16 జీబీ మెమరీ, డెబియన్ అనే లినక్స్. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంటిల్లిపాది ఫోటోలు, ఫైళ్లు దాని మీదే ఉంటాయి.

అడిగినవాళ్లను నేను తిరిగి ఒక మాట అడుగుతాను: మీ మిషను రోజుకు ఎన్ని గంటలు పూర్తి జోరుతో నడవగలదు? మన ఊళ్లో ఈ ప్రశ్న చాలా గట్టిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పై అంతస్తు గదిలో ఫ్యాను గాలే వేడిగా తగులుతుంది. అందులో నాలుగు కోర్లనూ పనిలో పెట్టడం మిషనుకూ మంచిది కాదు, గదిలో పడుకున్న పెద్దవాళ్లకూ మంచిది కాదు. ఇక బిల్లు. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూశాను. ఊరికే ఉన్నప్పుడు 20 వాట్లు, పూర్తి పనిలో 75. తేడా 55 వాట్లు. రోజంతా నడిపితే నెలకు దాదాపు 40 యూనిట్లు అదనం. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు అందుకుంటున్న ఇంట్లో ఈ 40 యూనిట్లు గీత దాటిస్తే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాల్సి వస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే నడిపితే అదనం 13 యూనిట్లే. నేను ఎంచుకున్నది ఇదే.

ఇలా రాత్రిపూట మాత్రమే నడపడానికి ఈ రెండింటిలో ఏది సరిపోతుందన్నది అవి పంచే పని స్వభావంలోనే ఉంది. ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో పని గొలుసుకట్టుగా సాగుతుంది. ప్రోటీన్ క్షణక్షణం ఎలా కదులుతుందో లెక్కగడతారు. ఒకరు పూర్తి చేసి పంపిన టాస్కు చివర అణువులు ఎక్కడ ఉన్నాయో, తర్వాతి టాస్కు అక్కడి నుంచే మొదలవుతుంది. నా దగ్గర ఆలస్యమైతే ఆ గొలుసు నా కోసం ఆగి ఉంటుంది. అందుకే గడువులు తక్కువ. త్వరగా పంపినవాళ్లకు అదనపు పాయింట్లు. గడువు దాటితే అదే టాస్కు మరొకరికి వెళ్తుంది. నిరుడు వేసవిలో రాత్రిళ్లు మాత్రమే నడిపితే నావి రెండు టాస్కులు గడువు దాటాయి. కరెంటు కాల్చి మరీ పరిశోధనకు అడ్డుపడ్డానే అన్న బాధ ఇంకా ఉంది.

బోయింక్‌లో ప్రాజెక్టును మనమే ఎంచుకుంటాం. నేను నడిపేది ఐన్‌స్టైన్ ఎట్ హోమ్. గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో పరికరాలు, రేడియో టెలిస్కోపులు, గామా కిరణాలను చూసే ఫెర్మీ ఉపగ్రహం సేకరించిన సమాచారంలో, పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే న్యూట్రాన్ నక్షత్రాల జాడలు వెతకడం దాని పని. నా ముక్క మరొకరి ముక్క కోసం ఎదురు చూడదు. గడువు కూడా సాధారణంగా రెండు వారాలు. ఇళ్లలోని కంప్యూటర్ల మీద ఇలాగే వెతుకుతూ 2010లో ఒక కొత్త పల్సార్‌ను (గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాన్ని) పట్టుకున్నారు. పైగా అలాంటి పరికరమే అయిన లైగో ఇండియాకు స్థలం మన పొరుగున మహారాష్ట్రలో, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన హింగోలీలోనే. అందుకే ఈ పని మీద నాకు మమకారం ఎక్కువ. అయితే బోయింక్‌లో ప్రతి ప్రాజెక్టూ ఇంత ఓపిక పట్టదు. ప్రోటీన్ల ఆకారాలు లెక్కగట్టే రొసెట్టా ఎట్ హోమ్ గడువు మూడు రోజులే, మెమరీ కూడా బాగా అడుగుతుంది.

టెర్మినల్ నుంచే, అంటే ఆదేశాలు టైపు చేసి, పగ్గాలు పట్టుకోవడంలోనూ బోయింక్‌దే పైచేయి. డెబియన్ ప్యాకేజీ వేయగానే అది సిస్టమ్‌డీ సేవగా, అంటే మిషను ఆన్ కాగానే తనంతట తానే వెనకాల నడిచే పనిగా నిలబడుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఒక్కచోటే. బోయింక్‌కు ఆదేశాలిచ్చే బోయింక్‌సీఎండీ అనుమతి లేదంటుంది. దాని పాస్‌వర్డు ఫైలు చదవగలిగేలా మీ యూజరును బోయింక్ గ్రూపులో చేర్చి, డేటా ఫోల్డరులోకి వెళ్లి అక్కడి నుంచి ఆదేశమివ్వండి. ప్రాజెక్టు సైటులో ఖాతా తెరిచి, అక్కడ ఇచ్చే కీతో జత చేస్తే పని రావడం మొదలవుతుంది. నడిచే వేళలు, వాడే కోర్ల సంఖ్య, ఇతర పనులు ప్రాసెసరును ఎంత వాడితే తాను పక్కకు తప్పుకోవాలి అన్నవన్నీ గ్లోబల్ ప్రిఫ్స్ ఓవర్‌రైడ్ అనే ఒక్క ఫైలులో రాయవచ్చు. వేడి తగ్గించాలంటే ప్రాసెసరు పనిచేసే సమయ శాతం కాకుండా కోర్ల సంఖ్య తగ్గించండి. శాతం పెడితే ప్రాసెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది, ఫ్యాను కూడా దానితోపాటు ఎగిసిపడుతుంది. ఆపినప్పుడు టాస్కును మెమరీలోనే ఉంచమనే సెట్టింగు మాత్రం మరవకండి. లేకపోతే చివరి చెక్‌పాయింటు (పనిని డిస్కులో భద్రపరిచిన చోటు) తర్వాత చేసిన పని ప్రతి ఉదయం పోతుంది. మెనూ లాంటిది కావాలంటే బోయింక్‌టీయూఐ ఉంది.

ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఎనిమిదో తరం క్లయింటును బ్రౌజరులో ఖాతా ద్వారా నడిపించాలన్నది ఉద్దేశం. మానిటర్ లేని మిషను మీద కాన్ఫిగ్ ఫైలులో ఖాతా టోకెన్ (ఖాతాను గుర్తించే కోడు), మిషను పేరు రాస్తే వేరే కంప్యూటర్ బ్రౌజరులో అది కనిపిస్తుంది. కనిపించాక చూడటానికి అందంగానే ఉంటుంది. నా వేళల కోసం మాత్రం, చెప్పిన సమయానికి ఆదేశం నడిపే క్రాన్‌లో సేవను ఆపే వరుస ఒకటి, తెరిచే వరుస ఒకటి రాసుకోవలసి వచ్చింది.

అయినా మీ దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి, మిషను ఏసీ గదిలో రోజంతా నడిచేదైతే ఫోల్డింగ్ ఎట్ హోమ్ పెట్టండి. గొలుసు వేగంగా కదలడానికి అలాంటి మిషన్లే కావాలి. 2020లో కోవిడ్ మీద పనిచేస్తూ అది ఎక్సాఫ్లాప్ వేగం (సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలు) దాటింది కూడా అలాంటి కార్డుల బలంతోనే.

ఈ రెండూ కాక, ప్రధాన సంఖ్యలు వెతికే గింప్స్ అనే ప్రాజెక్టు వారి ఎంప్రైమ్ కూడా టెర్మినల్‌లోనే చక్కగా నడుస్తుంది. గణితం ఇష్టమైతే పెట్టుకోవచ్చు.

జూన్‌లో తొలకరి పడి గది చల్లబడ్డాక నేను ఆ గ్లోబల్ ప్రిఫ్స్ ఓవర్‌రైడ్ ఫైలులో ముగింపు వేళను ఉదయం ఆరు నుంచి పదికి మారుస్తాను. మళ్లీ చదవమని బోయింక్‌కు ఒక్క ఆదేశం ఇస్తే చాలు, సేవను ఆపనక్కరలేదు.