చెరువులో ఆక్సిజన్ అలారం: రెండేళ్ల తర్వాత

చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోను మోగించే డబ్బా ఇది. రేటూ అవీ వదిలేస్తున్నా. ఉండి దగ్గర మావి రెండు వనామీ రొయ్యల చెరువులు. కొత్తలో దీని గురించి ఊరంతా చెప్పి ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఆ మాటల్లో సగం ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

తయారుచేసిన కుర్రాళ్లు మంచివాళ్లే. రైతుల్ని కలుపుకునే డిజైన్ చేస్తామని భీమవరంలో ఏసీ గదిలో కూర్చోబెట్టి అడిగారు. ఫోన్లో గ్రాఫు కావాలన్నాం, ఇచ్చారు. ప్రోబు, అంటే నీళ్లలో ముంచి ఆక్సిజన్ కొలిచేది, చెరువు మధ్యలో ఉండాలన్నాం, పెట్టారు. రాత్రి గట్టు మీద పడుకునేది మేమా? చెరువు చూసుకునే మా గుమాస్తా బాబాయ్. ఆయన్ని పిలవాలని వాళ్లకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నెల తిరక్కుండా ప్రోబు మూతికి పాకుడు పట్టింది. ఆ పాకుడే ఆక్సిజన్ పీల్చేసి రీడింగు తక్కువ చూపిస్తుంది. రోజూ రాత్రి రెండింటికి నా ఫోను మోత. పరిగెత్తి వెళ్తే చెరువు శుభ్రంగా ఉండేది. నాన్నా పులి కథే. విసుగొచ్చి మోత ఆపేశాను. తుడుద్దామంటే దానికోసమే తెప్ప వేసుకుని మధ్యకి వెళ్లాలి, ఎవరెళ్తారు?

శ్రావణంలో రెండ్రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ఆక్సిజన్ వదలదు, రాత్రి పీల్చడం మాత్రం మానదు. మూడో రాత్రి ఒక ఫేజు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. ఈసారి డబ్బా నిజమే చెప్పింది. చెప్పింది మాత్రం మోత ఆపేసిన నా ఫోనుకి. బాబాయ్‌ది బటన్ల ఫోను. ఆయన టార్చి వేసేసరికి రొయ్య గట్టువారకి వచ్చి తేలుతోంది. జనరేటరు వేశాడు గానీ, తెల్లారాక బుట్టలకెత్తాం. ఎన్ని బుట్టలో రాయను.

ఫోన్ చేసి తిడితే ఒక కుర్రాడొచ్చి రెండు రాత్రులు షెడ్డులోనే పడుకున్నాడు.

"మధ్యలో ఎందుకండీ, చెక్ ట్రే బల్ల కింద కట్టండి. రోజుకి నాలుగుసార్లు ట్రే లేపుతాను కదండీ, ఎలాగూ చెయ్యి తడుస్తుంది, ఓ తుడుపు తుడిచేస్తాను" అన్నాడు బాబాయ్. రొయ్య మేత తింటోందో లేదో చూసే ట్రే అది, బల్ల మీంచి లేపుతాడు. ఆక్సిజన్ ఎంతుందని కాదు, గబగబా దిగిపోతుంటే కూయించమన్నాడు. అదీ ఫోన్లో కాదు, షెడ్డు మీద హూటరు.

అలాగే చేశారు. ఆ తర్వాత వట్టి కూతలు రెండే. 1970ల మొదట్లోనే నార్వేలో కంప్యూటర్ పరిశోధకులు ఇనుము కార్మికుల సంఘంతో ఇలాగే కలిసి పనిచేశారట, కుర్రాడు చెప్పాడు. సరే, మా గట్టు దాకా రావడానికి అంతకాలం పట్టింది!

లోపం లేకపోలేదు. బల్ల దగ్గర రీడింగుకీ చెరువు మధ్యకీ తేడా ఉంటుంది, చెరువు అడుగున సంగతి అసలు తెలియదు. పక్క చెరువు వాళ్లు హూటరు మీద గొడవ కూడా పెట్టారు. నాకైతే ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి ఉన్నాడు కాబట్టి ఇది పనికొచ్చింది. పంటకో గుమాస్తా మారే చెరువైతే కొనమని చెప్పలేను. ప్రోబు మూతి ఇంకా మార్చలేదు, దాని ఖర్చు చూశాక మళ్లీ రాస్తా.