పాత మారిస్ మైనర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

ఇంటి షెడ్డులో బోల్టు బోల్టు విప్పి బాగుచేసుకున్న కారు ఇది. 1098 సీసీ ఇంజను ఉన్న మారిస్ మైనర్. తుప్పు పట్టిన ఫ్లోరు, బ్రేకు పైపులు, రంగు అన్నీ అయిపోయాక నా అవసరానికి కొన్ని మార్పులు కూడా చేశాను. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టాను, పాత తరహా ఆయిల్ ఫిల్టరు తీసేసి తిప్పి బిగించే రకం వేశాను. వీటిలో దేన్ని వెనక్కి తీసేయమన్నా పెద్దగా బాధపడను. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగం) మూత కింద కూర్చున్న ఆ చిన్న నల్లటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ జోలికి వస్తే మాత్రం ఒప్పుకోను. స్పార్క్ రప్పించడానికి తెరుచుకుని మూసుకునే స్విచ్చులాంటి సీబీ పాయింట్లు, వాటికి తోడుగా ఉండే కండెన్సర్ తీసేసి దాన్ని పెట్టి కొన్నేళ్లు దాటింది. ఎలా బిగించాలో, ఎర్ర వైరు ఎక్కడ, నల్ల వైరు ఎక్కడ అన్నది కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది కాబట్టి అదంతా రాయను. వాడాక ఏమైందో చెబుతాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఐడ్లింగ్. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగినప్పుడు ఇంజను ఒకే చప్పుడుతో, ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది. పాయింట్లు ఉన్నప్పుడు కూడా సర్వీసు చేసిన వారం ఇలాగే ఉండేది. తేడా ఆ తర్వాతి వారాల్లో తెలిసేది. ఐడ్లింగ్ కొద్దికొద్దిగా తగ్గేది, నేను కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పేవాణ్ని, మళ్లీ తగ్గేది. పికప్ మందగించేది. అదంతా ఒక్కరోజులో జరగదు కాబట్టి నడిపేవాడికి తెలియదు, చెవి కూడా అలవాటు పడిపోతుంది. మాడ్యూల్ పెట్టిన తర్వాత ఆ జారుడు పూర్తిగా ఆగిపోయింది. టైమింగ్ (స్పార్క్ పడాల్సిన క్షణం) చూసే లైటు పట్టి ఒకసారి గుర్తు కుదిర్చితే, నెలల తర్వాత చూసినా గుర్తు అక్కడే ఉంటోంది. ఈ డిస్ట్రిబ్యూటర్ మీద టైమింగ్ సవరించుకోవడానికి గరుకు అంచుల చిన్న నట్టు ఒకటి ఉంటుంది. ఇదివరకు దాన్ని తిప్పని నెల ఉండేది కాదు, ఇప్పుడు దాని మీద దుమ్ము పేరుకుంటోంది. కారు విషయంలో నాకు ఇంత తృప్తినిచ్చిన మార్పు ఇంకొకటి లేదు.

ఎందుకిలా అంటే, పాయింట్లలో ఒక చిన్న మడమ లాంటి ముక్క షాఫ్ట్ మీది క్యామ్‌ని రాసుకుంటూ ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒకసారి తిరిగితే పాయింట్లు రెండుసార్లు తెరుచుకోవాలి. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకి వందసార్లు. అన్నిసార్లు రాసుకుంటే ఆ ముక్క అరగక తప్పదు. అది అరిగిన కొద్దీ పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. ఈ కారుకి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉండాలి. తేడా అంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. మాడ్యూల్‌లో రాసుకునేది ఏమీ లేదు. షాఫ్ట్ మీద నాలుగు అయస్కాంతాలున్న రింగు తిరుగుతుంది, పక్కనున్న సెన్సర్ వాటిని పసిగట్టి, స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజీ ఇచ్చే కాయిల్ కరెంటుని తెంచుతుంది, తెగినప్పుడే స్పార్క్ వస్తుంది. దీని వెనకున్న హాల్ ఎఫెక్ట్‌ని (అయస్కాంతం దగ్గర, కరెంటు పారే వస్తువులో అడ్డంగా చిన్న వోల్టేజీ పుట్టడం) ఎడ్విన్ హాల్ 1879లోనే కనిపెట్టాడు. కార్ల డిస్ట్రిబ్యూటర్లలోకి రావడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది. అంతకాలం చార్లెస్ కెటరింగ్ రూపొందించిన పాయింట్ల పద్ధతే లోకాన్ని నడిపింది. అది తక్కువ సంగతేమీ కాదు. పాయింట్ల మీద నాకు గౌరవం పోలేదు.

డబ్బా మీద రాసిన గొప్పల సంగతి కూడా చెప్పాలి. పవర్ పెరుగుతుంది, స్పార్క్ బలంగా వస్తుంది అని రాస్తారు. నాకు అలాంటిదేమీ కనిపించలేదు, కనిపించడానికి కారణం కూడా లేదు. కాయిల్ అదే, బ్యాటరీ అదే, ప్లగ్గులు అవే. పైగా లోపలి ట్రాన్సిస్టర్ కొద్దిపాటి వోల్టేజీని తానే తినేస్తుంది. కొత్త పాయింట్లు సరిగ్గా కుదిర్చిన ఇంజనుకీ దీనికీ ఆ రోజు పోటీ పెడితే నడిపేవాడికి తేడా తెలియదు. తేడా ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు నన్ను నిజంగా ఏడిపించిన సంగతి.

మాడ్యూల్ పెట్టి చాన్నాళ్లు హాయిగా గడిచాక, సాఫీ రోడ్డు మీద ఒక మోస్తరు వేగంలో వెళ్తుంటే ఇంజను ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకోవడం మొదలైంది. ఇగ్నిషన్ కీ ఎవరో ఆఫ్ చేసి ఆన్ చేసినట్టు ఒక జర్కు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఏ ఇబ్బందీ లేదు. ఆగి ఐడ్లింగ్‌లో పెడితే అంతకన్నా బాగుంటుంది. మధ్యలో, కాలు తేలిగ్గా ఆనించి నడిపే చోటే వస్తుంది. మొదట పెట్రోలు వైపే అనుమానం పోయింది. ఫిల్టరు, ఫ్లోట్ ఛాంబరు శుభ్రం చేశాను. పంపు టకటకలు వింటే సరిగ్గానే ఉన్నాయి. కాయిల్ మార్చాను, ప్లగ్గు లీడ్లు మార్చాను. ఏం మార్చినా ఒక రోజు బాగున్నట్టు ఉండి మళ్లీ వచ్చేది. జబ్బు రోజూ రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి.

చివరికి ఒక మధ్యాహ్నం, ఇంటికి చాలా దూరంలో, జర్కులు ఎక్కువై బండి ముందుకు కదలనంది. డిక్కీలో డిస్ట్రిబ్యూటర్ లోపల కూర్చునే పాత బేస్ ప్లేటు సెట్టు ఒకటి ఉంచుకుంటాను. పాయింట్లు, కండెన్సర్ బిగించే ఉంటాయి. రోడ్డు పక్కన మూత తీసి, మాడ్యూల్ ఉన్న ప్లేటు విప్పేసి దాన్ని పెట్టాను. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూసి, టైమింగ్ సుమారుగా కుదిర్చి సెల్ఫ్ కొట్టాను. ఇంటిదాకా ఒక్క జర్కు లేదు. ఇంకేముంది, మాడ్యూల్ పోయిందని విన్నవాళ్లంతా తీర్పు చెప్పేశారు. ఎలక్ట్రానిక్స్ అంటే ఇంతే, పాతదే గట్టిదన్నారు. కొత్త మాడ్యూల్ తెప్పించి అదే ప్లేటు మీద బిగించాను. మొదటి రోజే, అదే వేగంలో, అదే జర్కు.

అప్పుడు మాడ్యూల్‌ని పక్కనపెట్టి జబ్బు తీరు గురించి ఆలోచించాను. ఐడ్లింగ్‌లో లేదు, పూర్తిగా తొక్కినప్పుడు లేదు, మధ్యలోనే ఉంది. ఈ కార్బురేటర్‌లో డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూం గొట్టానికి దారి థ్రాటిల్ అంచున ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఆ రంధ్రానికి లాగుడు అందదు. పూర్తిగా తెరిస్తే లాగుడే ఉండదు. సగం తెరిచినప్పుడే వాక్యూం బలంగా వచ్చి, టైమింగ్ ముందుకు జరపడానికి, మాడ్యూల్ కూర్చున్న ప్లేటుని కాస్త తిప్పుతుంది. నా జబ్బు వచ్చేదీ సరిగ్గా అప్పుడే.

ఇంజను ఐడ్లింగ్‌లో ఉంచి, వాక్యూం గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చాను. ఇంజను టక్కున ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి ఈసారి మెల్లగా పీల్చాను. ప్లేటు కదిలిన కొద్దీ తడబడింది, వదిలేస్తే తేరుకుంది. అన్ని వారాల టెన్షన్ ఆ ఒక్క పీల్పుతో దిగిపోయింది.

మూత తీసి చూస్తే లోపల కదిలే ప్లేటుకి ఎర్త్ (కారు బాడీతో కనెక్షన్) ఇచ్చే పొట్టి వైరు ఒకటుంది. పైన నూలు అల్లిక, వేలెడు పొడవు కూడా ఉండదు. చూడ్డానికి చెక్కుచెదరలేదు. మల్టీమీటర్ పెడితే సున్నా ఓములు, అంతా బాగున్నట్టే. స్క్రూడ్రైవర్ మొనతో ప్లేటుని మెల్లగా లాగేసరికి మీటర్ కనెక్షన్ లేదని చూపించింది. వైరు ఊడదీసి అల్లిక చీలిస్తే లోపల రాగి పోచలన్నీ ఒకే చోట తెగి ఉన్నాయి, చుట్టూ పచ్చటి పొడి. ప్లేటు నిలకడగా ఉన్నంతసేపు తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని కరెంటు పోనిస్తున్నాయి, ప్లేటు తిరగగానే విడిపోతున్నాయి. దశాబ్దాలుగా యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వంగుతూ వచ్చిన వైరు అది, తెగిపోవడంలో వింత లేదు. డిక్కీలోని సెట్టుకి దాని సొంత ఎర్త్ వైరు ఉంది, అందుకే పాయింట్లు పెట్టినప్పుడు జబ్బు మాయమైంది. మాడ్యూల్‌కి ఇందులో ఏ పాపమూ లేదు.

సన్నటి పోచలు చాలా ఉన్న మెత్తటి సిలికాన్ తొడుగు వైరు తీసుకుని, కాస్త వదులు ఉండేలా కొత్తది చేశాను. చివర్లు సాల్డర్ చేయకుండా క్రింప్ చేశాను. సాల్డర్ పోచల్లోకి పాకి గట్టిపడితే, మళ్లీ అక్కడే విరుగుతుంది. మొదటి మాడ్యూల్‌నే తిరిగి బిగించాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. రెండోది డిక్కీలో పాత సెట్టు పక్కనే ఉంది.

నాకు కోపం వచ్చేది ఒక్క విషయంలోనే. కిట్ కాగితంలో కాయిల్ గురించి, వైర్ల రంగుల గురించి వివరంగా ఉంది, ఈ ఎర్త్ వైరు గురించి ఒక్క ముక్క లేదు. ఈ వయసు డిస్ట్రిబ్యూటర్‌లో పెట్టేదని తెలిసి అమ్ముతున్నప్పుడు, వైరు చూసుకోమని ఒక వాక్యం రాయడానికి ఏం అడ్డం? పాయింట్లున్నా ఈ వైరు తెగితే ఇబ్బందే, కానీ అప్పుడు చూపు సూటిగా డిస్ట్రిబ్యూటర్ లోపలికి పోతుంది. మాడ్యూల్ ఉంటే అందరి వేలూ దాని వైపే లేస్తుంది.

ఇంకో సంగతి కొన్నేళ్ల తర్వాతే అర్థమైంది. పాయింట్లు ఉన్నన్నాళ్లూ గ్యాప్ కోసం మూత తీయక తప్పేది కాదు. తీసినప్పుడు రోటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గు వైపు పంపే, తిరిగే ముక్క) చూసేవాణ్ని, మూత లోపల పగుళ్లు వెతికేవాణ్ని, రోటర్ కింద రెండు చుక్కల ఆయిల్ వేసేవాణ్ని, అడుగున ఉండే బరువులు, స్ప్రింగులు ఆడుతున్నాయో లేదో వేలితో తిప్పి చూసేవాణ్ని. ఇప్పుడు మూత తీయాల్సిన పనే లేదు. పని లేకపోతే ఆ బరువులు ఎండి పట్టేస్తాయి, అప్పుడు వేగం పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు. కాబట్టి పైన నేను మెచ్చుకున్న ఆ నిలకడకి ఒక షరతు ఉంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ మూత తీసి, ఆ ఎర్త్ వైరుని ప్లేటుతో పాటు కదిలిస్తూ మీటర్‌తో చూస్తాను, బరువులకు ఆయిల్ చుక్క వేస్తాను. నట్టు మీద దుమ్ము ఉండనీ, మూత మాత్రం తీయాలి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఈ కారు మొదట్లో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉండేది. మాడ్యూల్ రెండు రకాలుగానూ దొరుకుతుంది, నేను నెగెటివ్‌కి మార్చాను కాబట్టి దానికి తగ్గది తీసుకున్నాను. మార్చేవాళ్లు డైనమో ఫీల్డ్‌ని కొత్త దిశలో పోలరైజ్ చేయడం, కాయిల్ మీది రెండు చిన్న వైర్లు అటూ ఇటూ చేయడం మర్చిపోకూడదు. ప్లగ్గు లీడ్లు ఉత్త రాగివి వద్దు, రెసిస్టెన్స్ ఉన్నవే వేయాలి, లేదంటే ఆ విద్యుత్ గోల మాడ్యూల్‌ని పాడు చేయగలదు. కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ మీటర్‌తో కొలిచి, కిట్ అడిగిన దానికన్నా తక్కువ లేదని చూసుకోండి. బల్లాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) నడిచే కాయిల్ సుమారు 1.5 ఓములు ఉంటుంది, మామూలుది 3 ఓముల దగ్గర. ఇంజను ఆగి ఉన్నప్పుడు కీ ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్లు వేడెక్కి పోతాయి. రేడియో వినాలంటే వేరే దారి చూసుకోవాలి. బ్యాటరీ బాగా దిగిపోతే తోసి స్టార్ట్ చేయడం పాయింట్లతో వీలైనంతగా దీనితో వీలు కాదు.

ఎవరికి పనికొస్తుందంటే, నా వాడకం చెబుతాను. నేను కారుని ప్రతి వారం నడుపుతాను, ఇంట్లో ఇంకొకరు కూడా తీసుకెళ్తారు. వాళ్లకి గ్యాప్ గురించి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కీ తిప్పితే స్టార్ట్ కావాలి. మాకు ఇది సరిగ్గా సరిపోయింది. ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసేవాళ్లకి, పాయింట్లు కుదర్చడమే ఇష్టమైన వాళ్లకి, పోటీల్లో కారుని ఫ్యాక్టరీలో ఉన్నట్టే చూపించాలనుకునే వాళ్లకి నేను బలవంతంగా సిఫార్సు చేయను. పాత స్టాకు పాయింట్లు, మంచి కండెన్సర్ దొరికినవాళ్లకి తొందర కూడా లేదు. కొత్తగా తయారైన కండెన్సర్లు కొన్ని త్వరగానే పోతున్నాయి, నేను ఇటు రావడానికి అది కూడా ఒక కారణం.

కొనాలనుకుంటే, డబ్బులు పెట్టే ముందు రోటర్ తీసి షాఫ్ట్‌ని పక్కకి ఊపి చూడండి. బాగా ఊగుతుంటే షాఫ్ట్ తిరిగే బుష్ మార్పించండి. హాల్ సెన్సర్ ఆ ఊగుడుని పాయింట్ల కన్నా కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది కానీ, రింగుకీ దానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఆ తర్వాత కొత్త ఎర్త్ వైరు వేసి, వాక్యూం గొట్టం పీల్చి ప్లేటు తిరుగుతోందో లేదో చూడండి. ఇవన్నీ అయ్యాకే కిట్ తెప్పించండి.