పన్నెండేళ్ళలో మా పెరట్లో నిలిచిన గులాబీలు

మా పెరట్లో ఇప్పుడు పదకొండు గులాబీ మొక్కలున్నాయి. హైదరాబాద్ సైనిక్‌పురిలోని ఈ ఇంట్లోకి 2012లో వచ్చాం. అప్పటి నుంచి నాటినవి మాత్రం నలభై దాటాయి. ఏది ఎప్పుడు నాటానో, ఏది ఎప్పుడు పోయిందో పాలలెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చాను. మొన్న మా చెల్లెలు కొంపల్లిలో ఇల్లు కట్టుకుని "అక్కా, ఏ గులాబీలు పెట్టమంటావు?" అని అడిగితే ఆ పేజీలన్నీ మళ్ళీ తిరగేశాను. పోయిన మొక్కల్లో సగానికి పైగా ఏప్రిల్, మే నెలల్లో పోయాయి. నేను కొన్నవేమో దాదాపు అన్నీ డిసెంబరు, జనవరిల్లో.

చలికాలంలో మన ఊళ్ళో గులాబీ ఎవరింట్లోనైనా పూస్తుంది. నర్సరీకి వెళ్తే ప్రతి కుండీలోనూ అరచేయంత పువ్వు. అది చూసి మనసు పారేసుకుని తెచ్చుకుంటాం. ఆ మొక్క నిజంగా బతికి బట్టకట్టాల్సింది రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో. అందుకని నేనిక్కడ ఏ రకం గురించి చెప్పినా మే నెలాఖరుకి అది ఎలా ఉందో చూసే చెబుతున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడి పెంచింది డబుల్ డిలైట్. ఇది 1977లో అమెరికా నుంచి వచ్చిన రకం. మీగడ రంగు మొగ్గ విచ్చుకుంటుంటే అంచుల్లో ఎరుపు కనిపిస్తుంది. ఎండ తగిలేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతుంది. మూడో రోజుకి పువ్వు ముప్పాతిక భాగం ఎర్రబడుతుంది. ఈ రంగు రావాలంటే ఎండ పడి తీరాలి. ఇది తెలియక మొదట్లో ఒక మొక్కని నీడ ఎక్కువగా ఉండే వరండా పక్కన పెట్టాను. పువ్వులు వెలవెలబోతుంటే నర్సరీవాళ్ళు వేరే రకం అంటగట్టారేమోనని ఏడాది పాటు అనుమానపడ్డాను. దాన్ని తూర్పు వైపుకి మార్చాక అదే మొక్క నిండుగా రంగు తిరిగింది. ఇక వాసన! పొద్దున్నే తలుపు తీస్తే చాలు, కాస్త యాలకుల ఘాటు కలిసినట్టుండే ఆ పరిమళం గుమ్మం దాకా వస్తుంది. నాటిన వాటిలో రెండు మొక్కలు పదేళ్ళు దాటి ఇంకా ఉన్నాయి. మే నెలలో పువ్వు సగానికి చిన్నదవుతుంది, రేకుల అంచులు మాడతాయి, కానీ మొక్క చావదు. లోపమల్లా బూడిద తెగులే. డిసెంబరులో రాత్రిళ్ళు చల్లబడగానే లేత చిగుళ్ళ మీద పిండి చల్లినట్టు వచ్చేస్తుంది. తడిపే గంధకం పొడి లీటరు నీళ్ళకి రెండు గ్రాములు కలిపి తొలి మచ్చ కనబడినప్పుడే చల్లితే ఆగుతుంది. ఎండలు ముదిరాక మాత్రం గంధకం వద్దు, ఆకు మాడిపోతుంది.

పాపా మేయాన్ కథ వేరు. మన నర్సరీల్లో పాపా మిల్లాండ్ అంటారు. ఫ్రాన్సులో అలైన్ మేయాన్ తన తాతగారి పేరు పెట్టి 1963లో విడుదల చేసిన రకం ఇది. నలుపు కలిసిన ఎరుపు, మఖమల్ గుడ్డలాంటి రేకులు. నా అనుభవంలో దీని వాసనకి సాటి వచ్చే గులాబీ మరొకటి లేదు. మూడుసార్లు నాటాను, మూడుసార్లూ పోయింది. మధ్యాహ్నం ఎండకి ఆ నల్లటి రేకులు కాగితంలా కమిలిపోతాయి. మొక్కకి సత్తువ తక్కువ, బూడిద తెగులు డబుల్ డిలైట్‌కన్నా ఎక్కువ. అయినా దీన్ని వద్దని రాయడానికి చేయి రావడం లేదు.

ఈ రకం గురించి మా అమ్మాయి చదివి చెప్పిన సంగతి ఒకటుంది. గులాబీకి వాసన ఎలా వస్తుందో కనుక్కోవడానికి ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ పాపా మేయాన్‌నీ, పెద్దగా వాసన లేని రూజ్ మేయాన్‌నీ పక్కపక్కన పెట్టి పరీక్షించారట. జెరానియోల్ అనే వాసన పదార్థం తయారవడం వెనక ఇతర మొక్కల్లో మామూలుగా ఉండే ఎంజైమ్ కాకుండా వేరే ఎంజైమ్ పనిచేస్తోందని 2015లో ప్రకటించారు. వాసన లేని రకంలో ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు దాదాపు పనిచేయడమే లేదు. పువ్వు ఎన్నాళ్ళు నిలుస్తుంది, కాడ ఎంత పొడుగు అని చూసి తరాల తరబడి ఎంచుకుంటూ పోతే వాసన ఎక్కడ జారిపోతుందో ఇది విన్నాక నాకు తెలిసొచ్చింది.

క్వీన్ ఎలిజబెత్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎందుకంటే అది ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. 1954 నాటి గులాబీ రంగు రకం. మా ప్రహరీ దాటి ఆరడుగులు పెరిగింది. వాసన అంతంతమాత్రం. మొదటిసారి గులాబీ పెంచేవాళ్ళు ఎవరడిగినా ముందు దీన్నే పెట్టమంటాను. ఐస్‌బెర్గ్ కూడా అంతే. జర్మనీలో కోర్డెస్ వాళ్ళు 1958లో తెచ్చిన తెల్ల గుత్తుల గులాబీ. ఒక్కో గెలకి ఏడెనిమిది పువ్వులు, చలికాలంలో మొగ్గ మీద లేత గులాబీ ఛాయ. వానాకాలంలో నల్లమచ్చ తెగులొచ్చి కింది ఆకులన్నీ రాలుస్తుంది, రాలినవి ఏరి పారేయాలి. ఎండకి మాత్రం బెదరదు.

పీస్ గులాబీకి 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో ఆ పేరు పెట్టారు. ఆ కథ చదివే కొన్నాను. పసుపు మీద గులాబీ అంచు రావాలి. మా ఇంట్లో జనవరిలో రెండు వారాలు అలా పూసింది, మిగతా ఏడాదంతా పాలిపోయిన పసుపే. నాలుగేళ్ళు చూసి తీసేశాను.

మన దేశంలో తయారైన రకాల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. బి.పి. పాల్ గారు తుప్పు తెగులుని తట్టుకునే గోధుమలు తయారుచేసిన శాస్త్రవేత్త, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయినవారు. ఆయన గులాబీలు కూడా సృష్టించారు. ఆయన తయారుచేసిన మోహిని మా ఇంట్లో ఆరేళ్ళుంది. చాక్లెట్ గోధుమ రంగులాంటిది, చూసినవాళ్ళంతా ఆగి అడిగేవారు. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళ రక్తగంధ కూడా నాటాను. నారింజ కలిసిన ఎరుపు, కాడ నిటారుగా వస్తుంది, ఇంట్లో కోసుకుని సీసాలో పెట్టుకోవడానికి నాకు దొరికిన వాటిలో ఇదే మేలు. ఈ రకాలు ఇప్పుడు నర్సరీల్లో అడిగితే ఖాళీ చూపులు చూస్తారు. బాధగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు కొడైకెనాల్‌లో ఉంటూ మన దేశపు అడవి గులాబీలతో, అంటే వేడినీ నీటి ముంపునీ తట్టుకునే రోసా క్లైనోఫిల్లా లాంటి వాటితో, సంకరాలు చేశారు. మనం కొనే రకాల్లో చాలావరకు చలిదేశాల్లో చలిదేశాల కోసం పుట్టినవి. మన ఎండకి పుట్టిన గులాబీలు మన నర్సరీలకి ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నాను.

రకం తర్వాత రకం చెప్పుకుంటూ పోతున్నాను గానీ, నోటుబుక్కులో పోయిన మొక్కల పక్కన రాసిన కారణాల్లో రకం పేరు కన్నా ఎక్కువసార్లు కనిపించేది మట్టి. మొదటి మూడేళ్ళు తెచ్చిన మొక్కలన్నీ కవరు చింపి అలాగే పాదులో దించాను. వేళ్ళ చుట్టూ జిగట మట్టి ముద్ద గట్టిగా ఉండేది. మాది ఎర్రమట్టి, నీళ్ళు చప్పున దిగిపోతాయి. ఆ ముద్ద ఎండితే ఇటుకే. చుట్టూ మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేళ్ళకి చుక్క అందదు. వీధి చివర ఇంటికి తోటపనికి వచ్చే ఒక ముసలాయన చనిపోయిన మొక్క ఒకటి పెకలించి చూపించాడు. "సూడమ్మా, తెచ్చినప్పుడు ఎట్లుందో గట్లనే ఉంది. ఒక్క ఏరన్న బయటికి పోయిందా? గీ మట్టి తీయకుంటె చెట్టు బతకదమ్మా." ఆ రోజు నుంచి కొత్త మొక్కని గంటసేపు బకెట్ నీళ్ళలో నానబెట్టి, బయటి మట్టి సగానికి పైగా మెల్లగా కడిగేసి, మా ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన పాదులో నాటుతున్నాను. ఈ పని నవంబరు, జనవరి మధ్యే చేయాలి. ఎండాకాలంలో వేళ్ళు కదిపితే మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

అంటు సంగతి కూడా నష్టపోయాకే నేర్చుకున్నాను. ఒక పసుపు గులాబీ రెండో ఏడు విపరీతంగా పెరిగింది. పొడవాటి పచ్చటి కొమ్మలు చూసి మురిసిపోయి నీళ్ళు, ఎరువు ఇంకా ఎక్కువ పోశాను. ఒక్క పసుపు పువ్వూ రాలేదు. వంగి చూస్తే కొమ్మలన్నీ అంటు కట్టిన గంటు కిందినుంచే వచ్చాయి. పై రకం ఎప్పుడో ఎండిపోయింది, నేను మేపుతున్నది అంటు కట్టడానికి కింద వాడిన అడుగు మొక్కని. ఇప్పుడు నెలకోసారి గంటు కింద చేయి పెట్టి తడిమి, పిలక కనిపిస్తే మొదలంటా లాగేస్తాను. పైపైన కత్తిరిస్తే మళ్ళీ రెండొస్తాయి. కొనేటప్పుడు కూడా పువ్వు చూడటం మానేసి గంటే చూస్తున్నాను. పగుళ్ళు, నల్లటి మచ్చ లేకుండా, కనీసం రెండు దిక్కులకి కొమ్మలున్నదైతే తెస్తాను.

బతుకమ్మ పండగ అయ్యాక, వానలు వెనక్కి తగ్గాక కత్తిరింపులు చేస్తాను. కోసిన ప్రతి చోటా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు రాయడం తప్పదు. రాయని ఏడాది కొమ్మ ఎండు తెగులు కొస నుంచి నల్లగా దిగుతూ మోహినిని తినేసింది. కత్తిరించిన ఆరేడు వారాలకి మొదటి విడత పువ్వు.

ఇక కోసి సీసాలో పెట్టుకునే పువ్వులు. పెళ్ళిళ్ళలో కనిపించే పొడుగు కాడల ఎర్ర గులాబీలు చూసి నేనూ ముచ్చటపడ్డాను. తాజ్‌మహల్ రకం మొక్కలు రెండు సంపాదించి పెట్టాను. అవి పాలీహౌస్ పంట. ప్లాస్టిక్ కప్పు కింద, డ్రిప్పుతో, కొమ్మలు వంచి పెంచితే ఆ కాడలు వస్తాయి. మా పెరట్లో జానెడు కాడ వచ్చింది, ఫిబ్రవరి నుంచి తామర పురుగులు మొగ్గల్ని గోధుమ రంగులోకి మార్చేశాయి. ఇలాంటివి కొనుక్కోవడమే మేలు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లవారుజామున వెళ్తే ఇరవై పువ్వుల కట్ట దొరుకుతుంది. కట్ట విప్పించి అడుగు పువ్వులు చూడండి, బయటి రేకులు అప్పుడే వదులవుతున్న మొగ్గ అయితేనే తీసుకోండి. మరీ బిగుసుకున్న మొగ్గ విచ్చుకోకుండానే మెడ వాలుస్తుంది. ఇంటికి రాగానే కాడల కొసలు నీళ్ళలో ముంచి ఉంచే ఏటవాలుగా కోసి, లీటరు నీళ్ళకి చెంచా పంచదార, కాస్త నిమ్మరసం వేసి, రోజూ నీళ్ళు మారిస్తే మా ఇంట్లో తాజ్‌మహల్ వారం నిలుస్తుంది. రక్తగంధ ఐదు రోజులు. డబుల్ డిలైట్ మూడు, పాపా మేయాన్ రెండు దాటితే గొప్ప. ఆ రెండు రోజులూ హాలంతా వాసనే.

దేవుడికీ, జడలోకీ మాత్రం మా అత్తమ్మ మాటే నెగ్గింది. ఆవిడ వరంగల్ నుంచి తెచ్చి గుచ్చిన పన్నీరు గులాబీ కొమ్మ ఒక్కటే అంటు లేకుండా సొంత వేళ్ళ మీద బతుకుతోంది. నర్సరీవాళ్ళు ఎడ్వర్డ్ అంటారు, రీయూనియన్ దీవిలో పుట్టిన పాత రకం. పువ్వు చిన్నది, చెదిరినట్టుంటుంది, మధ్యాహ్నానికి రేకులు రాలుతాయి. మే నెలలో కూడా రోజుకి పదైనా పూస్తుంది, ఒక్క మందు కూడా కొట్టను. "మీ రంగు గులాబీలు చూడటానికే తల్లీ, పూజకి నా చెట్టే," అనేవారు అత్తమ్మ. ఆవిడ పోయి మూడేళ్ళు. ఆ మొక్క నుంచి కొమ్మలు కోసి ఇప్పటికి పదిమందికి పైగా ఇచ్చాను, చెల్లెలి కోసం గుచ్చిన కొమ్మలు రెండు వేళ్ళూనాయి.

ఈ కార్తీకంలో పాపా మేయాన్ నాలుగోసారి నాటుతున్నాను. ఈసారి తూర్పు గోడ పక్కన, పదకొండు దాటితే మామిడి నీడ పడే చోట. పాదు తవ్వించి మట్టి కలిపి పెట్టాను.