కొర్లగుంట గులాబి పువ్వులు: గుడ్డు వేసినవా, వేయనివా?

తిరుపతి కొర్లగుంటలో మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగితే ఓ ఇంటి వరండాలో పిండివంటల దుకాణం ఉంది. బోర్డు లేదు. ఇద్దరు తోడికోడళ్లు నడుపుతున్నారు. డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా అక్కడ నేను కొనేది గులాబి పువ్వులే.

మా పుట్టింట్లో క్రిస్మస్‌కి ఇవి లేకపోతే పండగే కాదు. అత్తగారింట్లో సంక్రాంతికి ఇవే. గొడవంతా గుడ్డు దగ్గర. ధనుర్మాసంలో మా అత్తయ్య వంటింట్లోకి గుడ్డు రానివ్వరు. తిరుమలలో ఆ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, ఈవిడా ఇంట్లో రోజుకో పాశురం చదువుతారు. క్రిస్మస్ ఏటా ఆ నెలలోనే పడుతుంది. పెళ్లైన కొత్తలో నాకు భలే టెన్షన్‌గా ఉండేది.

ఈ దుకాణంలో మొదట అడిగేదే "గుడ్డు వేసినవా అక్కా, వేయనివా?" అని. మూకుళ్లు వేరు, అచ్చులు వేరు, నూనె కూడా వేరే. గుడ్డు లేని పిండిలో కొబ్బరిపాలు పోస్తారు. చిన్నావిడ అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచుతారు. పైఅంచు మునిగిందా, ఇక పువ్వు అచ్చుని వదలదు. తిరిగి నూనెలో పెట్టి కాస్త కదిపితే జారిపోతుంది.

నాకైతే గుడ్డు వేసినవే ఇష్టం, కరకరలాడతాయి. అత్తయ్య కొబ్బరిపాలవి తిని "మీ అమ్మకీ ఇవే పంపించు" అన్నారు. అమ్మ ససేమిరా అంది, గుడ్డు లేకుంటే క్రిస్మస్ పువ్వే కాదంట! ఎవరి పట్టు వాళ్లది, నాకు ఇద్దరూ నచ్చారు. మధ్యేమార్గంగా ఒకే రకం కొని ఇద్దరికీ పంచడం నాకు చేతకాదు. రెండు డబ్బాలు విడివిడిగా కట్టించుకుని బండెక్కినప్పుడే నాకు పండగొచ్చినట్టుంటుంది.

ప్లమ్ కేక్ మాత్రం కొనకండి. చక్కెర మాడి చేదు తగులుతోంది, ఎండుద్రాక్ష వెతుక్కోవాలి. అరిసెలు మెత్తగా ఉన్నాయి గానీ నూనె ఇంకాస్త వత్తాల్సింది. పువ్వులు అరకిలో 220 రూపాయలు, స్టీలు డబ్బా తీసుకెళ్తే నలగవు. ఫోన్లో ఆర్డరు తీసుకోరు, భోగి ముందురోజు వెళ్తే చాలాసేపు నిలబడాలి.

రంజాన్ నెలలో సాయంత్రాలు ఇక్కడే సమోసాలు వేస్తారు. 2030లో రంజాన్ నెల జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ ఆఖర్లో ఇంకోసారి మొదలవుతుంది. సంక్రాంతి అరిసెలు, సమోసాలు ఒక్కసారే ఎలా అవుతాయని అడిగితే, పెద్దావిడ "అప్పటికి మూడో పొయ్యి పెడదాంలేమ్మా" అన్నారు.