సేద్యపు కుంటా, బోరు పక్కన ఇంకుడు గుంతా?

భూమి మీద నీళ్లు తరిగిపోతున్నాయా? నీటి నుంచి విడిపోయి అంతరిక్షంలోకి జారిపోయే హైడ్రోజన్ సెకనుకు సుమారు 3 కిలోలే. సముద్రాల ముందు అదెంత! ఆవిరైన నీరు సగటున 9, 10 రోజుల్లో మళ్లీ వానగా దిగుతుంది. చిక్కల్లా ఒకటే: అనంతపురంలో ఆరిన నీరు అనంతపురంలోనే కురవాలని లేదు.

కుంట సంగతి చూడండి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కుంటలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆరితే 800 లీటర్లు గాల్లో కలిసినట్టే. అయినా వేరుశనగ ఊడలు (కాయ కట్టే కాడలు) భూమిలోకి దిగే వేళ వాన మొహం చాటేస్తే, ఆ ఒక్క తడికి కుంటే దిక్కు.

ఇంకుడు గుంతలో నీటికి ఎండ తగలదు. బోరు చుట్టూ 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు తవ్వాలి. గుంతలో ఉండే కేసింగుకు, అంటే బోరు గొట్టానికి, రంధ్రాలు పెట్టి నైలాన్ జాలీ చుట్టాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపైన ఇసుక. వాన నీరు ముందుగా చిన్న పూడిక గుంతలో తేరుకొని రావాలి. ఇది మానేసినచోటే ఎక్కువ గుంతలు పాడవుతాయి: ఎర్రమన్ను ఇసుక సందులన్నీ మూసేస్తుంది, జాలీ చిరిగితే బురద నేరుగా బోరులోకి దిగుతుంది. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగండి.

మనది గ్రానైట్ నేల, నీరు పగుళ్లలోనే నిలుస్తుంది. పగుళ్లు తగలని బోరుకు గుంత తవ్వడం దండగ. అక్కడ కుంటే నయం.